ఇంజిన్ లేదు.. పెట్రోల్ లేదు.. అయినా 300 కిలోమీటర్లు! గ్లైడర్ పైలట్ల 'క్రాస్ కంట్రీ' రోజు ఎలా గడుస్తుందంటే..

మధ్యాహ్నం ఎండలో గద్దను ఎప్పుడైనా గమనించారా? రెక్క ఆడించదు. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూనే చుక్కంత అయిపోతుంది. ఆ తర్వాత ఒక దిక్కు పట్టుకుని కదలకుండా జారిపోతుంది. సరిగ్గా ఇదే పని మనుషులు కూడా చేస్తున్నారు. ఇంజిన్ లేని విమానంలో కూర్చుని, ఉదయం బయల్దేరి, 300 కిలోమీటర్లు చుట్టేసి, సాయంత్రానికి మళ్లీ అదే రన్‌వే మీద దిగుతున్నారు. దీన్నే గ్లైడింగ్‌లో 'క్రాస్ కంట్రీ ఫ్లయింగ్' అంటారు.

ఇంధనమే లేనప్పుడు అంత దూరం ఎలా వెళ్తారు? మధ్యలో గాలి సాయం ఆగిపోతే ఏం చేస్తారు? దిగడానికి రన్‌వే లేకపోతే పరిస్థితి ఏంటి? ఇంగ్లండ్‌లోని లాషమ్ అనే గ్లైడింగ్ క్లబ్‌ను ఉదాహరణగా తీసుకుని, ఒక రోజు మొత్తం ఎలా సాగుతుందో చూద్దాం.

లండన్‌కు నైరుతి దిక్కున, హాంప్‌షైర్ కౌంటీలో ఉంటుంది లాషమ్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ విమానాల కోసం కట్టిన ఎయిర్‌ఫీల్డ్ అది. 1950ల నుంచి అక్కడ గ్లైడర్లు ఎగురుతున్నాయి. ప్రపంచంలోని పెద్ద గ్లైడింగ్ క్లబ్‌లలో ఇదొకటి.

అసలు గ్లైడర్ ఎలా ఎగురుతుంది?

ముందు ఒక అపోహ తీసేద్దాం. గ్లైడర్ గాలిలో తేలదు. అది ఎప్పుడూ కిందికే జారుతుంది. వాలు రోడ్డు మీద ఇంజిన్ ఆపేసిన సైకిల్ మోటార్ బండి ఎలా దొర్లుతుందో అలాగ. కాకపోతే ఆ వాలు చాలా చాలా తక్కువ.

క్లబ్‌లలో శిక్షణకు వాడే రెండు సీట్ల ఏఎస్‌కే 21 గ్లైడర్ ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోపు సుమారు 34 మీటర్లు ముందుకెళ్తుంది. ఎల్ఎస్ 4 లాంటి ఒక సీటు గ్లైడర్ అయితే 40 మీటర్లు. భారీ రెక్కలుండే ఓపెన్ క్లాస్ గ్లైడర్లలో ఇది 60 దాకా ఉంటుంది.

అంటే ఎల్ఎస్ 4లో వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటే, లెక్క ప్రకారం 40 కిలోమీటర్లు వెళ్లొచ్చు. కానీ ఇది కదలని గాలిలో లెక్క. ఎదురుగాలి ఉన్నా, గాలి కిందికి దిగుతున్న చోట చిక్కుకున్నా ఆ దూరం గబగబా తగ్గిపోతుంది. అందుకే జాగ్రత్తపరుడైన పైలట్ కాగితం మీది లెక్కలో సగాన్నే నమ్ముకుంటాడు.

ఒక్క మాటలో చెప్పాలంటే గ్లైడర్‌లో ఎత్తే పెట్రోల్. ఎత్తే చేతిలో డబ్బు. దూరం కావాలంటే ఎత్తు ఖర్చు పెట్టాలి. ఖర్చయిపోకముందే మళ్లీ సంపాదించుకోవాలి. రోజంతా జరిగేది ఈ జమా ఖర్చుల వ్యవహారమే.

క్రాస్ కంట్రీ అంటే ఎందుకంత ప్రత్యేకం?

కొత్తగా నేర్చుకునేవాళ్లు క్లబ్ చుట్టుపక్కలే ఎగురుతారు. గాలి సాయం ఆగిపోయినా జారుకుంటూ వచ్చి సొంత రన్‌వే మీద దిగిపోవచ్చు. తాడు కట్టిన ఆవు మేత మేసినట్టు.. తాడు ఎంత పొడవుంటే అంత దూరం.

క్రాస్ కంట్రీలో ఆ తాడు తెంచుకుంటారు. ఒక దశ దాటాక, ఇప్పుడున్న ఎత్తుతో ఇంటికి తిరిగి రాలేమని పైలట్‌కు తెలుసు. తెలిసే ముందుకెళ్తాడు. ముందు ఎక్కడో పైకి లేచే గాలి దొరుకుతుందన్న అంచనా మీద వెళ్తాడు. ఆ అంచనా తప్పితే ఎవరిదో ఒక పొలంలో దిగాల్సిందే.

వినడానికి ఇది పెద్ద సాహసంలా ఉంటుంది కదా? నిజానికి సాహసం కన్నా లెక్కే ఎక్కువ. ఎప్పుడు ముందుకెళ్లాలో తెలియడం కన్నా, ఎప్పుడు వదులుకోవాలో తెలియడం ఇక్కడ అసలు విద్య. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

ఉదయం 8 గంటలు: మొదట చూసేది ఆకాశం కాదు.. ఫోన్!

మంచి క్రాస్ కంట్రీ రోజు ముందు రోజు రాత్రే మొదలవుతుంది. చల్లటి గాలిని తెచ్చే వాతావరణ వ్యవస్థ దాటిపోయి, వెనకాలే గాలి పీడనం పెరుగుతుంటే పైలట్ల వాట్సాప్ గ్రూపుల్లో హడావుడి మొదలవుతుంది. పైన చల్లటి గాలి, కింద ఎండకు వేడెక్కే నేల.. వాళ్లకు కావాల్సింది ఆ జోడీనే.

ఎందుకంటే ఎండకు నేల వేడెక్కుతుంది. నేలను ఆనుకున్న గాలి వేడెక్కి తేలికవుతుంది. చుట్టూ ఉన్న గాలి దానికన్నా చల్లగా ఉన్నంతసేపు అది పైకి లేస్తూనే ఉంటుంది. ఇలా లేచే వేడి గాలి స్తంభాన్నే 'థర్మల్' అంటారు. పైకి వెళ్లే కొద్దీ ఆ గాలి ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరాక అందులోని తేమ నీటి తుంపరగా మారుతుంది. దూదిపింజ లాంటి మేఘం పుడుతుంది. అదే క్యుములస్ మేఘం. అంటే ప్రతి దూది మేఘం కింద ఒక థర్మల్ ఉంది, లేదా కాసేపటి క్రితం దాకా ఉండేది.

మేఘం అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో చేతి లెక్కతో చెప్పేయొచ్చు. నేల దగ్గర ఉష్ణోగ్రతలోంచి, గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రతను తీసేయాలి. వచ్చిన అంకెను 125తో గుణించాలి. ఉదాహరణకు ఉష్ణోగ్రత 24 డిగ్రీలు, మంచు బిందువు 12 డిగ్రీలు అనుకోండి. తేడా 12. దాన్ని 125తో గుణిస్తే 1500. అంటే సుమారు 1500 మీటర్ల ఎత్తులో మేఘాలు. ఇంగ్లండ్‌లో ఇది చక్కటి రోజు కిందే లెక్క.

బ్రిటన్ పైలట్లు 'రాస్ప్' అనే థర్మల్ ఫోర్‌కాస్ట్‌ను కూడా చూస్తారు. ఏ గంటకు, ఏ ప్రాంతంలో, ఎంత బలమైన థర్మల్స్ రావచ్చో అది మ్యాప్ మీద రంగుల్లో చూపిస్తుంది.

లాషమ్‌లో ఇంకో తలనొప్పి ఉంది.. సముద్రపు గాలి. దక్షిణాన తీరం 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి చల్లగాలి తిరుగుతుంది. మనకు ప్రాణం లేచొస్తుంది. గ్లైడర్ పైలట్‌కు మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఆ చల్లగాలి పరుచుకున్న చోట థర్మల్స్ చచ్చిపోతాయి. అది లోపలికి ఎంత దూరం వస్తుందో, ఎప్పుడొస్తుందో ఉదయమే అంచనా వేసుకోవాలి. లేదంటే సాయంత్రం ఇంటి గుమ్మం ముందు దాకా వచ్చి ఆగిపోవాల్సి వస్తుంది.

9 గంటలు: దారి గీసుకోవడం

వాతావరణం చూశాక 'టాస్క్' నిర్ణయిస్తారు. టాస్క్ అంటే ముందుగా ప్రకటించిన దారి. సాధారణంగా త్రిభుజం. ఇక్కణ్నుంచి బయల్దేరి, రెండు టర్నింగ్ పాయింట్లు చుట్టి, తిరిగి ఇక్కడికే రావాలి. ఒక్కో వైపు వంద కిలోమీటర్లు వేసుకుంటే మొత్తం 300. గంటకు సగటున 75 కిలోమీటర్లు పడితే నాలుగు గంటల ప్రయాణం. థర్మల్స్ ఉదయం 11కి మొదలై సాయంత్రం 5కి తగ్గుతాయనుకుంటే.. మిగిలే వెసులుబాటు రెండు గంటలే.

దారి గీసేటప్పుడు ఇంకో పెద్ద విషయం చూడాలి. ఆకాశంలో గీతలు కనిపించవు కానీ సరిహద్దులు ఉంటాయి. లాషమ్‌కు తూర్పున లండన్ విమానాశ్రయాల గగనతలం. దగ్గర్లోనే ఫార్న్‌బరో ఎయిర్‌పోర్టుకు 2020లో ఇచ్చిన నియంత్రిత గగనతలం. పశ్చిమాన సాలిస్‌బరీ మైదానం మీద సైన్యం కాల్పుల అభ్యాసం చేసే ప్రాంతాలు. అనుమతి లేకుండా వీటిలోకి దూరితే ప్రయాణికుల విమానాలకే ముప్పు. అందుకే ఆ రోజు ఏయే చోట్ల ప్రత్యేక ఆంక్షలు ఉన్నాయో 'నోటమ్' అనే అధికారిక సమాచారంలో చూసుకుని, వాటిని తప్పించుకుంటూ దారి వేస్తారు.

10 గంటలు: గ్లైడర్‌ను 'బిగించాలి'

ఒక సీటు గ్లైడర్లు చాలావరకు పొడవాటి పెట్టె లాంటి ట్రైలర్లలో ఉంటాయి. రెక్కలు ఊడదీసి ఉంటాయి. ఉదయం ముగ్గురు నలుగురు కలిసి బాడీని బయటికి లాగి, ఒక్కో రెక్కను మోసుకొచ్చి, మధ్యలో పిన్నులతో బిగిస్తారు. 15 మీటర్ల రెక్కలు అరగంటలో సిద్ధం. సందుల మీద టేప్ అంటిస్తారు. ఆ సన్నటి సందులో గాలి సుడులు తిరిగినా కొన్ని మీటర్ల ఎత్తు పోతుంది మరి.

ఇక్కడ ఎవరి పని వాళ్లది అంటే కుదరదు. ఒకరి రెక్క ఇంకొకరు పట్టాలి. ఒకరి గ్లైడర్ ఇంకొకరు తోయాలి. అందుకే గ్లైడింగ్ అనేది ఒంటరిగా ఎగిరే ఆట అయినా, నలుగురు లేకుండా నేల వదలని ఆట.

తర్వాత చెకింగ్. ఒకరు కాక్‌పిట్‌లో స్టిక్ కదుపుతుంటే ఇంకొకరు రెక్క దగ్గర నిలబడి ఆ కదిలే భాగాన్ని చేత్తో బిగపట్టి చూస్తారు. లోపల కలిపిన రాడ్ నిజంగా కలిసిందా లేదా అన్నది ఇలాగే తేలుతుంది. వీపుకు పారాచూట్ కట్టుకుంటారు. నీళ్ల బాటిల్, టోపీ, సన్‌స్క్రీన్, తినడానికి ఏదో ఒకటి. ఐదు గంటలు కదలకుండా కూర్చోవాలి కాబట్టి మూత్రం కోసం ప్రత్యేక సంచులు కూడా! నవ్వకండి.. ఆపుకోవాలని నీళ్లు మానేసిన పైలట్‌కు డీహైడ్రేషన్ వస్తే, మెదడు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటుంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

11 గంటలు: పైకి ఎలా వెళ్తుంది?

రెండు పద్ధతులు. ఒకటి వించ్. రన్‌వే అవతలి చివర బలమైన ఇంజిన్ ఉన్న డ్రమ్ ఉంటుంది. కిలోమీటరుకు పైగా పొడవుండే కేబుల్‌ను అది చుట్టేస్తుంది. గాలిపటాన్ని దారం పట్టుకుని లాగితే లేచినట్టు గ్లైడర్ నిటారుగా లేస్తుంది. నిమిషం లోపే 300 నుంచి 500 మీటర్ల ఎత్తు. రెండోది ఏరోటో. చిన్న ఇంజిన్ విమానం తాడు కట్టి గ్లైడర్‌ను లాక్కెళ్లి, సుమారు 600 మీటర్ల దగ్గర వదిలేస్తుంది.

తాడు తగిలించే ముందు బ్రిటన్ పైలట్లు వరసగా కొన్ని అంశాలు పైకి చదువుతూ సరిచూసుకుంటారు. కంట్రోల్స్, సీటు బెల్టులు, మీటర్లు, పైమూత, ఎయిర్‌బ్రేకులు.. వీటితో పాటు 'ఎవెంచువాలిటీస్' కూడా. అంటే ఏదైనా జరిగితే ఏం చేస్తాను? 30 మీటర్ల దగ్గర కేబుల్ తెగితే ఏం చేయాలి, 100 మీటర్ల దగ్గర తెగితే ఎటు తిరగాలి అన్నది నేల మీద ఉన్నప్పుడే పైకి చెప్పుకుంటారు. తెగాక ఆలోచించే టైమ్ ఉండదు.

తొలి థర్మల్: కనిపించని లిఫ్ట్‌ను పట్టుకోవడం

తాడు వదిలేశాక ఒక్కసారిగా నిశ్శబ్దం. గాలి శబ్దం తప్ప ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దంలో 'వేరియోమీటర్' అనే పరికరం మాట్లాడటం మొదలుపెడుతుంది. గ్లైడర్ పైకి లేస్తుంటే బీప్ బీప్ అని చురుగ్గా మోగుతుంది. దిగుతుంటే నీరసంగా మూలుగుతుంది. పైలట్ కళ్లు బయటే ఉండాలి కాబట్టి, చెవులతోనే ఎత్తు సంగతి తెలుసుకుంటాడు.

బీప్ పెరగగానే రెక్క వాల్చి గుండ్రంగా తిరుగుతాడు. ఒక చుట్టుకు 20 సెకన్ల లోపు. గాలి ఎటువైపు బలంగా లేస్తుందో చూసుకుంటూ చుట్టును అటు జరుపుతాడు. సెకనుకు రెండు మీటర్ల చొప్పున లేస్తే వెయ్యి మీటర్లు ఎక్కడానికి ఎనిమిది నిమిషాల పైమాటే.

ఒకే థర్మల్‌లో నాలుగైదు గ్లైడర్లు చేరతాయి. అందుకే ఒక కట్టుబాటు ఉంది. మొదట చేరినవాళ్లు ఎటు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్లూ అటే తిరగాలి. గుడి చుట్టూ ప్రదక్షిణలా అందరిదీ ఒకే దిక్కు. దీనికి తోడు 'ఫ్లార్మ్' అనే పరికరం ఉంటుంది. 2004లో స్విట్జర్లాండ్‌లో మొదలైన ఈ పరికరం, ఇంకో గ్లైడర్ ఢీకొనేంత దగ్గరికి వస్తుంటే హెచ్చరిస్తుంది.

థర్మల్ ఎక్కడుందో చెప్పే గుర్తులు చాలానే ఉన్నాయి. అడుగు చదునుగా, నల్లగా ఉన్న మేఘం మంచి గుర్తు. అంచులు చెదిరి పీలికలవుతున్న మేఘం అయితే ముసలిదైనట్టు. దున్నిన పొలం, ఊరి ఇళ్ల కప్పులు, ఎండ తగిలే వాలు.. ఇవి త్వరగా వేడెక్కుతాయి. తడిగా ఉన్న పల్లపు నేల మీద ఆశ పెట్టుకోకూడదు. ఇక పక్షులైతే పక్కా సాక్ష్యం. దక్షిణ ఇంగ్లండ్‌లో ఇప్పుడు బాగా కనిపించే రెడ్ కైట్ అనే గద్దలు తిరుగుతుంటే, గ్లైడర్ పైలట్ మారు ఆలోచించకుండా అక్కడికి వెళ్తాడు. ఆ విద్యలో అవే మాస్టర్లు.

వేగంగా వెళ్లాలా.. నెమ్మదిగా వెళ్లాలా?

ఎత్తు దొరికింది. ఇప్పుడు తర్వాతి థర్మల్ దాకా ఎంత స్పీడ్‌లో వెళ్లాలి? నెమ్మదిగా వెళ్తే ఎత్తు మిగులుతుంది కానీ టైమ్ పోతుంది. వేగంగా వెళ్తే టైమ్ మిగులుతుంది కానీ ఎత్తు పోతుంది.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. 20 కిలోమీటర్లు వెళ్లాలి. గంటకు 95 కిలోమీటర్ల వేగంతో వెళ్తే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. 500 మీటర్ల ఎత్తు ఖర్చు. 150 వేగంతో వెళ్తే 8 నిమిషాలే. కానీ 700 మీటర్లకు పైగా ఖర్చు. అంటే నాలుగున్నర నిమిషాలు కలిసొచ్చాయి, 200 మీటర్ల పైచిలుకు అప్పు మిగిలింది. ముందు థర్మల్ సెకనుకు రెండు మీటర్లు లేపితే ఆ అప్పు రెండు నిమిషాల లోపే తీరిపోతుంది. లాభమే. అదే థర్మల్ సెకనుకు అర మీటరే లేపితే? అప్పు తీరడానికి ఏడు నిమిషాలు. నష్టమే!

ఈ లెక్కను సిద్ధాంతంగా మార్చి ప్రాచుర్యంలోకి తెచ్చింది అమెరికాకు చెందిన పాల్ మెక్‌క్రెడీ. 1956లో ప్రపంచ గ్లైడింగ్ ఛాంపియన్ ఆయనే. 1977లో మనిషి కాలి బలంతో ఎగిరే 'గోసమర్ కాండర్' విమానాన్ని తయారు చేసి చరిత్రకెక్కిందీ ఆయనే. ఇప్పుడు గ్లైడర్‌లోని కంప్యూటర్ ఈ లెక్క చేసేస్తుంది. కానీ ముందున్న థర్మల్ ఎంత బలంగా ఉంటుందన్నది మాత్రం పైలటే చెప్పాలి.

గాలి వాటుకు మేఘాలు బారులు తీరితే పైలట్ల పంట పండినట్టే. ఆ బారు కింద తిరగకుండా, నేరుగా, ఎత్తు పోకుండా పదుల కిలోమీటర్లు దూసుకెళ్లొచ్చు.

2 గంటలు: అసలు పరీక్ష ఇక్కడే

ప్రతి క్రాస్ కంట్రీలో ఒక గడ్డు సమయం వస్తుంది. పెద్ద మేఘం ఒకటి ఎండకు అడ్డొస్తుంది. కింద నేల చల్లబడుతుంది. నమ్ముకున్న మేఘం కిందికి వెళ్తే ఏమీ దొరకదు. 1200 మీటర్లున్న ఎత్తు 900 అవుతుంది.. 700 అవుతుంది. వేరియోమీటర్ మూలుగుతూనే ఉంటుంది. ఇల్లు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఇక్కడ పైలట్ మనసు రెండుగా చీలుతుంది. ఒక సగం 'ఇంకొంచెం వెతుకు, దొరుకుతుంది' అంటుంది. ఇంకో సగం 'దిగే చోటు చూసుకో' అంటుంది. శిక్షణ అంతా ఈ రెండో గొంతును సమయానికి వినడం కోసమే.

బ్రిటన్‌లో నేర్పే పద్ధతి ఇలా ఉంటుంది. సుమారు 600 మీటర్లకు దిగేసరికి, దిగడానికి పనికొచ్చే పొలాలున్న ప్రాంతం మీద ఉండాలి. 450 మీటర్లకు 'ఇదే నా పొలం' అని ఒకటి ఎంచుకోవాలి. 300 మీటర్లకు వెతుకులాట ఆపేసి, ల్యాండింగ్ మొదలుపెట్టాలి. ఆ తర్వాత వేరియోమీటర్ బీప్ అన్నా ఆశపడకూడదు.

పొలం ఎంచుకోవడానికీ లెక్కలున్నాయి. కొన్ని వందల మీటర్ల పొడవు ఉండాలి. గాలికి ఎదురుగా దిగేలా ఉండాలి. వాలు ఉంటే ఎగువ వైపు దిగాలి. పైనుంచి వాలు కనిపిస్తోందంటే అది చాలా నిటారుగా ఉన్నట్టే లెక్క. పశువులు ఉండకూడదు. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు కాబట్టి స్తంభాల కోసం చూడాలి. కోత అయిపోయి కొయ్యకాళ్లు మిగిలిన పొలం అన్నిటికన్నా మేలు. ఏపుగా పెరిగిన పైరులో దిగితే రెక్క చిక్కుకుని గ్లైడర్ గిర్రున తిరిగిపోవచ్చు.

మరి ప్రమాదం ఎక్కడుంది? పొలంలో దిగడంలో కాదు. ఆ నిర్ణయాన్ని వాయిదా వేయడంలో ఉంది. 150 మీటర్ల ఎత్తులో ఇంకా థర్మల్ కోసం వెతుకుతూ, కంగారులో వేగం తగ్గించి మలుపు తిప్పితే ఒక రెక్క పట్టు కోల్పోతుంది. గ్లైడర్ సుడి తిరుగుతూ పడిపోతుంది. దీన్నే 'స్పిన్' అంటారు. వెయ్యి మీటర్ల ఎత్తులో ఇందులోంచి బయటపడటం ప్రతి విద్యార్థికీ నేర్పిస్తారు. 100 మీటర్ల ఎత్తులో బయటపడటం ఎవరూ నేర్పలేరు. అంత ఎత్తు అక్కడ ఉండదు కాబట్టి.

కొన్ని గ్లైడర్లలో ఇప్పుడు చిన్న ఇంజిన్లు, ఎలక్ట్రిక్ మోటార్లు వచ్చాయి. దిగిపోయే పరిస్థితి వస్తే వాటిని స్టార్ట్ చేసుకుని ఇంటికి రావచ్చు. అయినా సీనియర్లు చెప్పేది ఒకటే. ముందు పొలం చూసుకో, ఆ తర్వాతే స్విచ్ వెయ్యి. ఎందుకంటే ఆ ఇంజిన్ స్టార్ట్ కాకపోవచ్చు.

పొలంలో దిగితే ఏమవుతుంది?

పరువేం పోదు. క్రాస్ కంట్రీ ఎగిరే ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు దిగుతారు. ఛాంపియన్లూ దిగుతారు. దిగాక క్లబ్‌కు ఫోన్ చేసి క్షేమంగా ఉన్నానని చెప్పాలి. తర్వాత రైతును వెతుక్కుంటూ వెళ్లి కలవాలి. ఆయన పొలంలో అడిగి దిగలేదు కదా! మర్యాదగా మాట్లాడాలి, పైరుకు నష్టం జరిగితే ఇన్సూరెన్స్ వివరాలు ఇవ్వాలి, పశువులు బయటికి పోకుండా గేట్లు వేయాలి. ఒక పైలట్ దురుసుగా ప్రవర్తిస్తే, తర్వాత అక్కడ దిగే పది మందికి ఇబ్బంది.

క్లబ్ నుంచి ఇద్దరు ముగ్గురు ట్రైలర్ తగిలించుకుని కారులో వస్తారు. రెక్కలు విప్పి, పెట్టెలో సర్ది, తీసుకెళ్తారు. ఇవాళ నేను నీకోసం వస్తే, రేపు నువ్వు నాకోసం రావాలి. క్లబ్‌లో నడిచే లెక్క ఇదే. వచ్చినవాళ్లకు రాత్రి భోజనం పెట్టించడం మాత్రం దిగినవాళ్ల బాధ్యత!

4 గంటలు: ఇంటి దారి

గడ్డు సమయం దాటి మళ్లీ థర్మల్ దొరికిందనుకుందాం. రెండు టర్నింగ్ పాయింట్లూ అయిపోయాయి. చివరి థర్మల్‌లో తిరుగుతూ పైలట్ ఇంకో లెక్క చూస్తాడు. ఇక్కణ్నుంచి ఇంటికి 30 కిలోమీటర్లు. ఎదురుగాలి ఇంత. మధ్యలో సముద్రపు గాలి పరుచుకుని ఉండొచ్చు, కాబట్టి ఇక థర్మల్స్ దొరకవు. అన్నీ పోగా, సురక్షితంగా దిగడానికి చేతిలో మరికొంత ఎత్తు మిగలాలి. ఆ ఎత్తు వచ్చేదాకా తిరగాల్సిందే. వచ్చాక ముక్కు ఇంటి వైపు తిప్పడమే. దీన్ని 'ఫైనల్ గ్లైడ్' అంటారు.

విచిత్రం ఏంటంటే, శత్రువు అనుకున్న ఆ సముద్రపు గాలే ఒక్కోసారి సాయం చేస్తుంది. చల్లగాలి లోపలికి చొచ్చుకొస్తూ ముందున్న వేడిగాలిని పైకి నెడుతుంది. ఆ అంచు వెంబడి గాలి లేస్తుంది. అది గుర్తుపట్టగలిగితే ఆ అంచు మీదే ఎత్తు పోకుండా ప్రయాణించొచ్చు. అంచు దాటి సముద్రం వైపు వెళ్తే మాత్రం ఇక జారడమే.

రన్‌వే కనిపిస్తుంది. రెక్కల మీది ఎయిర్‌బ్రేకులు తెరిచి, దిగే వాలును సరిచేసుకుని కిందికి వస్తారు. ఇక్కడ రెండో ఛాన్స్ ఉండదు. ఇంజిన్ లేదు కాబట్టి మళ్లీ పైకి లేచి చుట్టి రావడం కుదరదు. ప్రతి ల్యాండింగ్ ఒక్కసారే.

వెళ్లొచ్చినట్టు రుజువేంటి?

ఒకప్పుడు టర్నింగ్ పాయింట్ మీద కెమెరాతో ఫొటో తీసి, ఫిల్మ్ కడిగించి చూపించేవారు. ఇప్పుడు జీపీఎస్ లాగర్ దారి మొత్తాన్ని రికార్డు చేస్తుంది. సాయంత్రం ఆ ఫైల్ కంప్యూటర్‌లో వేస్తే ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నారో, ఎక్కడ టైమ్ వృథా అయిందో మొత్తం బయటపడుతుంది. 

అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ బ్యాడ్జ్‌లు కూడా ఇస్తుంది. సిల్వర్‌కు 50 కిలోమీటర్ల దూరం, 5 గంటల పాటు ఎగరడం, గాలి సాయంతో వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడం.. ఈ మూడూ కావాలి. గోల్డ్‌కు 300 కిలోమీటర్లు, 3 వేల మీటర్లు. డైమండ్స్‌లో 500 కిలోమీటర్లు, 5 వేల మీటర్లు ఉంటాయి.

రికార్డుల సంగతికొస్తే కళ్లు తిరుగుతాయి. అమెరికాలో ఆల్ పార్కర్ 1964లో తొలిసారి వెయ్యి కిలోమీటర్లు దాటాడు. 2003లో జర్మనీ పైలట్ క్లౌస్ ఓల్‌మాన్ అర్జెంటీనాలో ఆండీస్ పర్వతాల గాలి తరంగాల మీద 3,009 కిలోమీటర్లు ఎగిరాడు. 2018 సెప్టెంబర్‌లో అక్కడే 'పెర్లాన్ 2' గ్లైడర్ 76 వేల అడుగులు దాటింది. ప్రయాణికుల జెట్ విమానాలు ఎగిరే ఎత్తుకు దాదాపు రెట్టింపు!

పంచాంగం పేర్లతో మన గ్లైడర్లు

గ్లైడింగ్‌తో మన దేశానికీ పాత బంధమే ఉంది. పుణె దగ్గర హడప్సర్‌లో డీజీసీఏ గ్లైడింగ్ సెంటర్ దశాబ్దాలుగా పైలట్లను తయారు చేసింది. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం సొంతంగా గ్లైడర్లను డిజైన్ చేసింది. వాటి పేర్లు చూడండి.. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశీర్, ఆర్ద్ర. పంచాంగంలో నక్షత్రాల వరసే! కృత్తిక ఉండాల్సిన చోట కార్తీక్ వచ్చింది, అంతే.

ఈ విద్య 69 మందిని కాపాడింది

ఇదంతా సరదా ఆటే కదా అనుకుంటున్నారా? 1983 జులై 23న ఎయిర్ కెనడాకు చెందిన బోయింగ్ 767 విమానం 41 వేల అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. కిలోలు, పౌండ్ల లెక్కలో జరిగిన పొరపాటు దానికి కారణం. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. లోపల 69 మంది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు అంతకుముందే గ్లైడర్ నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే చోట మూతపడ్డ వైమానిక స్థావరం రన్‌వే వైపు విమానాన్ని తిప్పారు. దగ్గరికొచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది. ఎత్తు తగ్గించడానికి గ్లైడర్లలో చేసే 'సైడ్ స్లిప్' పద్ధతిని, అంటే విమానాన్ని పక్కకు వాల్చి జారనివ్వడాన్ని, అంత పెద్ద జెట్‌తో చేశారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ రోజు కాక్‌పిట్‌లో జరిగిందీ, లాషమ్ లాంటి క్లబ్‌లలో ప్రతి వేసవి మధ్యాహ్నం జరిగేదీ ఒకటే లెక్క. చేతిలో ఎంత ఎత్తుంది? దాంతో ఎక్కడి దాకా చేరతాం? చేరలేని చోటు మీద ఆశ ఎప్పుడు వదులుకోవాలి? 300 కిలోమీటర్లు పూర్తి చేసినవాళ్లకు క్లబ్‌లో చప్పట్లు కొడతారు. 220 దగ్గర 'ఇక చాలు' అనుకుని, మంచి పొలం చూసుకుని, గీత కూడా పడకుండా దిగి, రాత్రికి ట్రైలర్‌తో ఇంటికొచ్చినవాళ్లను 'బాగా ఎగిరావ్' అంటారు. రెండూ మంచి ఫ్లయిట్ల కిందే లెక్క. వాళ్లు మళ్లీ వచ్చే వారం ఎగురుతారు.